పాత పికప్‌కి ఏ ఇంజన్ పెట్టాలి? బోరు పని, సెకండ్ హ్యాండ్, రీకండిషన్డ్, కామన్ రైల్: విశాఖ బండివాళ్ళ లెక్కలో

మా బండి 2009 మోడల్ మహీంద్రా పికప్. డీఐ ఇంజన్ (డైరెక్ట్ ఇంజెక్షన్, మెకానికల్ పంపుతో నడిచే పాతరకం డీజిల్), 2523 సీసీ. ఫిషింగ్ హార్బర్‌లో చేపల లోడు ఎత్తి అనకాపల్లి వెళ్ళొచ్చేసరికి డిప్‌స్టిక్ మీద ఆయిల్ వేలెడు దిగిపోయేది. వెనకొచ్చే స్కూటర్లవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటూ దాటేవాళ్ళు. గాజువాక ఆటోనగర్‌లో ముగ్గురికి చూపిస్తే ముగ్గురూ "ఇంజన్ అయిపోయింది" అన్నారు. మరేం చేద్దాం అంటే మాత్రం తలో మాట. ఒకాయన బోరు పని అన్నాడు, అంటే మన ఇంజన్‌నే విప్పి సిలిండర్లు బాగుచేయించడం. ఒకాయన విజయవాడ నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెప్పిద్దామన్నాడు. మూడో ఆయన ఏకంగా కామన్ రైల్, అంటే కంప్యూటరుతో నడిచే కొత్తరకం డీజిల్ ఇంజన్, ఎక్కించేద్దామన్నాడు. నేనూ మా బావమరిదీ నెల రోజులు ఊగిసలాడి, చివరికి తప్పుదే ఎంచుకున్నాం. ఆ కథ మధ్యలో వస్తుంది.

ఇప్పుడు అదే చోట ఇరుక్కున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. పాత మహీంద్రా పికప్, టాటా 207, ఈ రెండింటినే దృష్టిలో పెట్టుకున్నాను. మిగతా బళ్ళకీ లెక్క దాదాపు ఇంతే.

అసలు ఇంజన్ పోయిందా?

పొగ వస్తే ఇంజన్ పోయినట్టు కాదు. నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టర్, నాజిళ్ళు, పంపు చూపించండి. చాలాసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది. నీలం పొగ వచ్చి ఆయిల్ తగ్గుతుంటే రింగులో, వాల్వ్ సీళ్ళో. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. సన్నగా ఆవిరి వస్తే పర్లేదు. రైలింజన్‌లా గుప్పుగుప్పుమని కొడితే పిస్టన్ పక్క నుంచి గ్యాస్ కిందికి దిగుతోందని అర్థం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్ళలో ఆగకుండా బుడగలొస్తే హెడ్ ప్యాకింగ్ పోయి ఉండొచ్చు, లేదా హెడ్డే పగిలి ఉండొచ్చు. ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపించినా అంతే.

చివరగా కంప్రెషన్ టెస్ట్. నాలుగు సిలిండర్లకీ విడివిడిగా రీడింగ్ తీయించి కాగితం మీద రాయించుకోండి. ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం మించి తేడా ఉంటే లోపల పని ఉన్నట్టే. టెస్ట్ చేయకుండా చెవితో విని ఇంజన్ మార్చమనేవాడి మాట మీద డబ్బు పెట్టకండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అందరూ ముందు హార్స్‌పవర్ అడుగుతారు. నా లెక్కలో అది ఆఖరున వస్తుంది.

మొదట చూడాల్సింది ఛాసిస్. హార్బర్‌లో తిరిగే బండికి ఐసు నీళ్ళు, ఉప్పు నీళ్ళు రోజూ బాడీ కిందకి కారుతుంటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, కింద ఛాసిస్ పొరలు పొరలుగా అప్పడంలా లేస్తుంది. మా మేస్త్రీ మొదట అడిగిన ప్రశ్నే అది: "ఇంజన్‌దేటుంది బాబూ, రెండ్రోజుల్లో ఎక్కించేస్తాను. ముందు బండి కింద పడుకుని చూసొచ్చారేటి?" చిన్న సుత్తి తీసుకుని వెనక స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర, ఇంజన్ మౌంటింగుల దగ్గర కొట్టి చూడండి. ఖణేల్‌మంటే ఇనుము ఉంది. మెత్తగా చప్పుడొస్తే ఆ బండికి ఇంజన్ ఖర్చు దండగ.

రెండోది ఆర్‌సీ. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ సారం ఏంటంటే, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఒప్పుకోని మార్పు చేస్తే 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ పెడుతుంటే దారి ఉంది. ముందు ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకుని, మార్చాక 14 రోజుల్లోపు చెప్పి కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. ఇంజన్ నంబరు బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజన్ ముఖ్యభాగం) మీద ఉంటుంది. అంటే బ్లాక్ మారితే కాగితం మారాలి, మన బ్లాక్ మనకే ఉంటే ఆర్టీఓ గడప తొక్కే పనే లేదు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండి ఎలాగూ ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్ళాలి. ఇన్సూరెన్స్‌వాడు కూడా క్లెయిమ్ రోజున నంబరు చూస్తాడు. అందుకే "ఎవడు చూస్తాడులే" అనే ధైర్యం మీద బండి నడపలేం.

మూడోది, కొత్తగా వచ్చేది మన గేర్‌బాక్స్‌కి, మౌంటింగులకి, వైరింగుకి సరిగ్గా కూర్చుంటుందా లేదా. నాలుగోది, బండి ఎన్ని రోజులు షెడ్డులో ఆగుతుంది. ఈ నాలుగూ తేలాక డబ్బు లెక్క వేయండి.

బోరు పని: మన బ్లాక్‌నే బాగు చేయించడం

బ్లాక్ పగలకపోతే, కనెక్టింగ్ రాడ్ బయటికి పొడుచుకు రాకపోతే, నేను ముందు చూసేది ఇదే. 2523 ఇంజన్ బోరు 88.9 మి.మీ., స్ట్రోకు 101.6. అంగుళాల్లో చూస్తే మూడున్నర, నాలుగు. పాతకాలపు మోటు లెక్క అన్నమాట. ఇది బాగుచేయడానికి వీలుగా ఉండే ఇంజన్, బాగుచేసే చేతులు కూడా ఊళ్ళో చాలా ఉన్నాయి.

బోరింగ్ షాపులో సిలిండర్‌ని పైనా, మధ్యలో, కిందా కొలుస్తారు. అరుగుదల పైభాగంలోనే ఎక్కువ. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి తిరిగి ఉంటే కొత్త లైనర్లో, ఓవర్‌సైజు పిస్టన్లో తప్పవు. ఇక్కడే చాలామంది జారిపోతారు. "రింగులు మాత్రం వేసేద్దాం, పదో వంతు ఖర్చులో అయిపోతుంది" అంటాడు మేస్త్రీ. గుండ్రని రింగు కోడిగుడ్డు బోరులో ఎంతకాలం పట్టి ఉంటుంది? కొన్నాళ్ళకే మళ్ళీ అదే పొగ.

క్రాంక్‌కీ (పిస్టన్ల కింద తిరిగే ఇరుసు) ఇదే వర్తిస్తుంది. షాపులో "టెన్", "ట్వంటీ" అంటారు. అంగుళంలో వెయ్యో వంతులు పది, ఇరవై అని, అంటే పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు. మీ క్రాంక్ ఇప్పటికే ఎంత సైజు దిగిందో అడగండి. కొత్త బేరింగుల డబ్బా మీది సైజు, క్రాంక్ సైజు ఒకటేనో కాదో మీ కళ్ళతోనే చూసుకోండి.

హోనింగ్ (సిలిండర్ గోడని రాళ్ళతో రుద్ది సన్నగీతలు పెట్టడం) అయ్యాక బ్లాక్ ఇంటికి పంపేముందు ఒకసారి వెళ్ళి సిలిండర్ గోడ మీద టార్చ్ వేయండి. గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి కోసుకుంటూ ఈత చాప అల్లికలా కనపడాలి. అద్దంలా నున్నగా ఉంటే ఆయిల్ అక్కడ నిలవదు, రింగులు కుదురుకోవు.

తంటా ఎక్కడంటే రోజులు. బోరింగ్ షాపులో వరస, క్రాంక్ గ్రైండింగులో ఇంకో వరస, పంపు కాలిబ్రేషన్‌కి మూడో చోట. వారం అంటారు, రెండు వారాలు పట్టిందంటే సంతోషించాలి. ఇంకొకటి, పని నాణ్యత అంతా చేసే మనిషి మీదే ఆధారపడుతుంది. వారంటీ అంటే ఆయన నోటిమాటే.

సెకండ్ హ్యాండ్ ఇంజన్: మేం మునిగింది ఇక్కడే

విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్. ఈ మూడు చోట్లా దొరకని ఇంజన్ ఉండదంటారు. ధర తక్కువ, రెండు మూడు రోజుల్లో బండి రోడ్డెక్కుతుంది. వినడానికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు.

మాకొచ్చిన ఇంజన్ టార్పాలిన్ చుట్టుకుని లారీ మీద దిగింది. నేల మీదే పెట్టి, ఓ బ్యాటరీ తగిలించి, డబ్బాలో డీజిల్ పోసి స్టార్ట్ చేశారు. గుర్రంలా పలికింది. బండిలో ఎక్కించాం, నాలుగు రోజులు లోడు కూడా కొట్టాం. తర్వాత ఆర్‌సీలో నంబరు మార్పించుకోవడానికి వెళ్తే, చూడ్డానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ బ్లాక్ మీద గుడ్డతో తుడిచి, ఎమరీ కాగితం పెట్టి రుద్ది, నన్ను దగ్గరికి పిలిచాడు. నంబరు ఉన్నచోట గ్రైండర్ తిప్పిన గీతలున్నాయి. పైన కొత్తగా కొట్టిన అంకెల్లో ఏడు మాత్రం కుడివైపు ఒరిగింది. "ఈ ఇంజన్ ఏ బండిదండీ?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అమ్మినవాణ్ణి అడిగితే అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమన్నాడు. బండి 46 రోజులు షెడ్డులో నిలబడింది.

అదృష్టం ఏంటంటే, మా పాత బ్లాక్‌ని అప్పటికింకా కిలోల లెక్కన అమ్మలేదు. చివరికి దానికే బోరు పని చేయించాం. కాబట్టి ఏ దారిలో వెళ్ళినా, ఆర్‌సీ చేతికొచ్చేదాకా పాత ఇంజన్‌ని తుక్కుకి వేయకండి.

అయినా ఇదే కావాలంటారా? అయితే నంబరు జోలికి ఎవరూ వెళ్ళని బ్లాకే తీసుకోండి. అది ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ కాపీ, జీఎస్టీ బిల్లు, బిల్లు మీద ఇంజన్ నంబరు ఉండాలి. డబ్బిచ్చేముందు ఆ నంబరు దొంగతనం కేసుల్లో ఉందేమో జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) వాళ్ళ వాహన్ సమన్వయ్‌లో వెతకండి. ఇంజన్‌లో చూడాల్సింది కూడా ఉంది. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ ప్లగ్ విప్పి ఆయిల్‌ని అరచేతిలో పోసుకుని ఎండలో చూడండి. మెరుపు పొడి ఉంటే బేరింగులు అరిగినట్టే. క్లచ్ హౌసింగ్ లోపలి మూలల్లో ఎండిన బురద కనిపిస్తే అది నీట మునిగిన బండిది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలో ఎన్ని బళ్ళు మునిగాయో టీవీలో చూశాం. అలాంటి బళ్ళు భాగాలుగా విడిపోయాక ఏది ఎక్కడ తేలుతుందో ఎవరికి తెలుసు?

రీకండిషన్డ్, కొత్త హాఫ్ ఇంజన్

కంపెనీవాళ్ళే పాత ఇంజన్ తీసుకుని, బాగుచేసిన ఇంజన్ ఇచ్చే పద్ధతి ఇది. టాటావాళ్ళు దీన్ని ప్రోలైఫ్ పేరుతో నడుపుతున్నారు. బిల్లు ఉంటుంది, వారంటీ ఉంటుంది, ఆర్టీఓ దగ్గర చూపించడానికి కాగితం ఉంటుంది. మీ పాత ఇంజన్ ఏ స్థితిలో ఉంటే తీసుకుంటారో ముందే కనుక్కోండి. రాడ్ బయటికొచ్చి బ్లాక్‌కి చిల్లు పడితే లెక్క మారిపోతుంది.

హాఫ్ ఇంజన్ అంటే బ్లాక్, క్రాంక్, పిస్టన్లు కలిపి బిగించినది. హెడ్, పంపు, సెల్ఫ్, డైనమో మనవే వాడుకోవాలి. ధర బోరు పనికన్నా బాగా ఎక్కువే గానీ, విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగడంతో మునుపటికన్నా కాస్త ఊపిరి ఆడుతోంది. పాత హెడ్‌ని టెస్ట్ చేయించకుండా కొత్త హాఫ్ మీద బిగించకండి. కొత్త చొక్కాకి చిరిగిన కాలరు కుట్టినట్టుంటుంది.

టాటా 207 వాళ్ళకి ఒక మాట. మీ ఇంజన్ 497. నాలుగు సిలిండర్లు, 97 మి.మీ. బోరు అని ఆ పేరులోనే ఉంది. 100 మి.మీ. స్ట్రోకుతో 2956 సీసీ. 407లో ఉన్నదీ ఇదే కుటుంబం, కాబట్టి సామాన్లకి కరువు లేదు. అలాగని 407 ఇంజన్ తెచ్చి 207లో పెట్టేద్దాం అనుకోకండి. టర్బో ఉన్నవి, లేనివి, పంపు సెట్టింగ్ వేరైనవి, చాలా రకాలున్నాయి. కుటుంబం ఒకటే గానీ అన్నదమ్ములు వేరు.

కామన్ రైల్ ఎక్కించడం

కుర్రాళ్ళందరి మనసూ దీని మీదే. శబ్దం తక్కువ, పికప్ ఎక్కువ, పొగ ఉండదు. సీసీ కూడా అదే 2523, కాబట్టి "బ్లాక్ ఒకటే కదన్నా, కూర్చుంటుంది" అంటారు.

ఇంజన్ కూర్చుంటుంది. దాని సంసారం కూర్చోదు. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), మొత్తం వైరింగు, సెన్సార్ ఉన్న యాక్సిలరేటర్ పెడల్, నీరు వేరుచేసే డీజిల్ ఫిల్టర్, ట్యాంకుకి వెళ్ళే రిటర్న్ లైన్, తాళంతో ముడిపడిన ఇమ్మొబిలైజర్ ఉంటే అదీ. ఇవన్నీ అదే బండి నుంచి రావాలి. ఒక్క కనెక్టర్ కోసేసి ఉన్నా రాత్రి పది గంటలకి ఆనందపురం జంక్షన్‌లో చెక్ లైటు చూస్తూ కూర్చోవాలి. ఇంజెక్టర్లలో ప్రెజర్ వెయ్యి బార్ పైనే. ఆ ప్రెజర్‌లో డీజిల్‌లోని నీటిచుక్క కూడా పెద్ద ఖర్చే. పాత ట్యాంకులో పదిహేనేళ్ళ తుప్పు, అడుగున నీరు ఉంటాయని మర్చిపోకండి. ఎక్కువ టార్క్ పాత గేర్‌బాక్స్ మీద, వెనక ఇరుసులోని క్రౌన్ మీద పడుతుంది, ముందు క్లచ్ ఏడుస్తుంది, తర్వాత అవి.

ఆర్‌సీలో డీఐ అని ఉన్న బండిలో ఇంకో రకం ఇంజన్ కనిపిస్తే అది అదే రకం అని ఆర్టీఓని ఒప్పించడం మీ వల్ల కాదు. లోడు బండికి ఈ దారి వద్దనే చెప్తాను.

వేరే కంపెనీ ఇంజన్ తెచ్చి వెల్డింగుతో మౌంటింగులు మార్చి పెట్టడం గురించి రాయడానికేం లేదు. పాతకాలంలో నడిచింది, ఇప్పుడు కాగితం దగ్గరే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ కిట్ అయితే మీ మోడల్‌కి టెస్టింగ్ ఏజెన్సీ ఆమోదం ఉన్నది దొరికితేనే ఆలోచించండి.

| | బోరు పని | సెకండ్ హ్యాండ్ | రీకండిషన్డ్ / హాఫ్ | కామన్ రైల్ |
|---|---|---|---|---|
| ఖర్చు | మధ్యస్తం | మొదట తక్కువ | ఎక్కువ | చెప్పినదానికి రెట్టింపు అవ్వొచ్చు |
| బండి ఆగే రోజులు | రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ | రెండు మూడు రోజులు, కాగితం చిక్కుపడితే నెలలు | సరుకు వచ్చాక మూడు నాలుగు రోజులు | చెప్పలేం |
| ఆర్‌సీ పని | లేదు | ఉంది, రిస్కుతో | ఉంది, బిల్లుతో సులువు | దాదాపు కుదరదు |
| వారంటీ | మేస్త్రీ మాట | లేదు | రాతపూర్వకం | లేదు |

మీ బండి పని ఏంటి?

హార్బర్ లోడు, ఊళ్ళో తిరుగుడు అయితే బోరు పని చాలు, అదీ ఛాసిస్ బాగుంటేనే. అది పోతే ఇంకో రెండేళ్ళ కోసం కొత్త హాఫ్ ఇంజన్ కొనడం నష్టం. ఉన్న ధరకి అమ్మేసి ఆ డబ్బుతో మంచి సెకండ్ హ్యాండ్ బండినే చూసుకోవడం మేలు.

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్ళ సంగతి వేరు. అరకు కూరగాయల కోసం వారానికి నాలుగుసార్లు సెకండ్ గేరులో అంత ఎత్తు ఎక్కితే ఇంజన్ మీద పడే వేడి అంతా ఇంతా కాదు. వీళ్ళకి రీకండిషన్డ్, లేదా కొత్త హాఫ్. రేడియేటర్ కోర్ కూడా ఆ ఖర్చులోనే కలుపుకోవాలి. సగం మూసుకుపోయిన రేడియేటర్ మీద కొత్త ఇంజన్ పెట్టడం నేను చూశాను, రెండో ఘాట్‌కే హెడ్ ప్యాకింగ్ పోయింది.

బండి అద్దె మీదే ఇల్లు గడిచేవాళ్ళకి రోజులే డబ్బు. సెకండ్ హ్యాండ్ వైపు లాగేది కూడా అదే. నిజానికి వీళ్ళకి అనుకూలమైన గడువు ఏటా ఒకటి వస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్ లోడు పడిపోతుంది. బ్లాక్ బోరింగ్ షాపుకి పంపడానికి అదే సమయం. మేం ఆ సంగతి మార్చిలో ఆలోచించి ఉంటే 46 రోజులు అలా పోయేవి కావు.

ఇంజన్ ధరలో ఏం ఉండవో అడగండి

క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, మౌంటింగ్ రబ్బర్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్, హోసులు, బెల్టులు, ఫిల్టర్లు, ఆయిల్, కూలెంట్. ఇంజన్ దిగి ఉన్నప్పుడే ఇవి మార్చకపోతే తర్వాత ప్రతిదానికీ మళ్ళీ కూలీ. నేనైతే చెప్పిన ధర మీద మూడో వంతు విడిగా పక్కన పెడతాను. వ్యాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉండే ఇంజన్లలో, డైనమో మార్చినప్పుడు దాని హోసు మర్చిపోతే బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడి బండి ఆగదు. షెడ్డు గేటు దాటకముందే బ్రేక్ తొక్కి చూడండి.

పొగ పరీక్షలో పాత బండికి, అంటే బీఎస్-4కి ముందువాటికి, హద్దు 65 హెచ్‌ఎస్‌యూ (పొగ చిక్కదనం కొలత). కొత్త రింగులు కుదురుకోకముందే వెళ్తే దాటిపోవచ్చు, ఓ పది పదిహేను రోజులు తిప్పాక వెళ్ళండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లూ సగం లోడే, ఘాట్ వద్దు, ఒకే వేగంతో గంటలకొద్దీ హైవే మీద తోలొద్దు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, ట్యాపెట్లు సరిచేయించాలి. మా బావమరిది మూడో రోజే అనంతగిరి లోడు ఒప్పేసుకుని వచ్చాడు. తాళంచెవి నా జేబులో వేసుకుని రెండు వారాలు తిరిగాను. ఆ రెండు వారాలూ మా చెల్లెలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.